దారుభేదుల ద్వీపయాత్ర: హవాయి దీవుల్లో వలస తుమ్మెద చరిత్ర (1778–2020)

వ్యాససంగ్రహం

పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న హవాయి దీవులకు మనుషుల రాకపోకల వెంట చేరి స్థిరపడిన ఒంటరి తేనెటీగల్లో ప్రముఖమైనది జైలోకోపా సొనొరినా అనే వడ్రంగి తేనెటీగ. ఇది తెలుగువారు తుమ్మెద అని పిలిచే కీటకానికి దగ్గరి బంధువు. ఈ కీటకం దీవులకు చేరిన తీరును, శాస్త్ర గ్రంథాల్లో దాని పేరు మారిన క్రమాన్ని, తోటల సాగులో దానికి దక్కిన ఆదరణను, స్థానిక తేనెటీగల క్షీణత నేపథ్యంలో ఏర్పడిన కొత్త దృష్టిని ఈ వ్యాసం కాలానుక్రమంగా పరిశీలిస్తుంది. ‘ఆక్రమణ జాతి’ అనే మాట కీటకం స్వభావాన్ని మాత్రమే తెలిపేది కాదనీ, దానిని చూసిన మనుషుల అవసరాల చరిత్రను కూడా తనలో దాచుకుంటుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఒంటరి తేనెటీగలు, తుమ్మెద, హవాయి దీవులు, ఆక్రమణ జాతులు, పర్యావరణ చరిత్ర, నామకరణం.

1. ఉపోద్ఘాతం

వలసల చరిత్ర అనగానే మనుషుల వలసలే స్ఫురిస్తాయి. ఓడ ఎక్కిన వాడి పేరు, ఊరు, వయసు, కూలి ఒప్పందం కాగితాలకెక్కుతాయి. అదే ఓడ కలపలో దాగి ప్రయాణించిన పురుగు పేరు ఏ జాబితాలోనూ ఉండదు. అయినా ఆ పురుగు దిగిన నేల మీద దాని సంతతి శతాబ్దాలు కొనసాగవచ్చు. అక్కడి చెట్ల కాపునూ ఇళ్ల దూలాలనూ స్థానిక జీవుల మనుగడనూ అది ప్రభావితం చేయవచ్చు. ఇటువంటి లిఖితసాక్ష్యం లేని వలసలను చదవడం పర్యావరణ చరిత్రకారులకు ఒక పద్ధతి సమస్య.

హవాయి దీవులు ఈ సమస్యను పరిశీలించడానికి అనువైన స్థలం. అమెరికా ఖండపు తీరానికి దాదాపు 3,800 కిలోమీటర్ల దూరంలో, ఏ ఖండంతోనూ ఎన్నడూ కలిసి ఉండని అగ్నిపర్వత దీవులు అవి. అక్కడ ఉన్న ప్రతి జీవీ గాలిలోనో నీటిమీదనో మరో జీవిని ఆశ్రయించో వచ్చి చేరినదే. కాబట్టి అక్కడ ‘స్థానికం’, ‘పరాయి’ అన్న విభజన వచ్చిందా రాలేదా అన్నదాన్ని బట్టి కాక, ఎప్పుడు, ఎవరి వెంట వచ్చింది అన్నదాన్ని బట్టి ఏర్పడింది.

2. తుమ్మెద: పేరు, గూడు, స్వభావం

తేనెటీగ అనగానే తుట్టె, రాణి, వేల సంఖ్యలో కూలీ ఈగలు గుర్తుకు రావడం సహజం. కాని ప్రపంచంలోని తేనెటీగ జాతుల్లో అత్యధికం ఒంటరి జీవనం సాగించేవే. వాటిలో ప్రతి ఆడ ఈగా తన గూడు తానే కట్టుకుంటుంది. తన పిల్లలకు కావలసిన పుప్పొడి ముద్దను తానే సమకూర్చుతుంది. తుట్టె ఉండదు, నిల్వ తేనె ఉండదు.

తెలుగు నేల మీద నల్లగా, రెక్కల్లో నీలి మెరుపుతో, గంభీరమైన ఝంకారంతో తిరుగుతూ, ఎండిన వెదురునూ వాసాలనూ తొలిచే పెద్ద ఈగలను సాధారణంగా తుమ్మెదలంటారు. తెలుగు సాహిత్యంలో వీటి స్థానం చిన్నది కాదు. పాల్కురికి సోమనాథుడు పేర్కొన్న జానపద గేయభేదాల్లో తుమ్మెద పదాలు ఉన్నాయి. పోతన భాగవత దశమ స్కంధంలోని భ్రమరగీతలు ప్రసిద్ధాలు. సాహిత్యం తుమ్మెదను ప్రధానంగా పూల చెంతనే చూసింది. దాని గూటిని చూసిన సందర్భాలు తక్కువ. కొయ్యను చీల్చగల నేర్పున్న భ్రమరం తామర మొగ్గలో చిక్కుకున్నప్పుడు మాత్రం రేకులను కొరకలేక నిశ్చేష్టమై ఉండిపోతుందనే సంస్కృత సుభాషిత భావం ఆ తక్కువ సందర్భాల్లో ఒకటి. ఆ పద్యం చెప్పినవాడు ప్రేమబంధం గురించి చెప్పదలచినా, తుమ్మెద కలపను తొలుస్తుందన్న ప్రత్యక్ష పరిశీలన లేకుండా ఆ ఉపమానం పుట్టదు.

ఫ్రెంచి కీటకశాస్త్రవేత్త లాత్రేయ్ 1802లో ఈ ప్రజాతికి పెట్టిన జైలోకోపా అనే పేరుకు గ్రీకు మూలం ప్రకారం అర్థం ‘కొయ్యను కోసేది’. సంస్కృత కవి దారుభేద నైపుణ్యమన్నదీ ఇదే. ఆడ తుమ్మెద తన దవడలతో ఎండు కలపలో గుండ్రటి రంధ్రం తొలుస్తుంది. లోపలికి వెళ్లాక కలప పోగు వెంట సొరంగాన్ని పొడిగిస్తుంది. అందులో ఒక్కొక్క గదిలో పుప్పొడి ముద్ద ఉంచి, దానిమీద ఒక గుడ్డు పెట్టి, రంపపు పొట్టుతో గోడ కడుతుంది. అది కలపను తినదు, గూటికోసమే తొలుస్తుంది.

ద్వీపాల చరిత్రలో ఈ గూటి స్వభావమే నిర్ణయాత్మకమైంది. నేలలో గూడు పెట్టే ఈగ నౌకాయానంలో అంత తేలికగా ప్రయాణించదు. కలపలో, బోలు కాడల్లో, గోడ బీటల్లో గూడు పెట్టే ఈగ మాత్రం తన సంతానంతో సహా కదులుతుంది. ఒక దుంగలోని ఒకే సొరంగంలో ఎదుగుతున్న పిల్లలు కొన్ని వారాల సముద్రయానాన్ని ఆహారంతో సహా దాటగలవు. మనుషుల వెంట సుదూర దీవులకు చేరిన ఒంటరి తేనెటీగల్లో అధికభాగం కలపలోనో కాడల్లోనో రంధ్రాల్లోనో గూడు పెట్టేవే కావడం కాకతాళీయం కాదు.

3. ఓడలకు ముందు: తొలి నివాసులు

మనుషుల సహాయం లేకుండా హవాయికి చేరి నిలిచిన తేనెటీగ వంశం ఒక్కటే. హైలియస్ ప్రజాతికి చెందిన ఈ చిన్న నల్లటి ఈగల్లో మగవాటి ముఖాలమీద పసుపు మచ్చలుంటాయి కనుక వీటికి పసుపుముఖం తేనెటీగలని పేరు. ఆసియా వైపు నుంచి వచ్చిన ఒకే పూర్వీకురాలి సంతతి దీవులంతటా విస్తరించి 60కి పైగా జాతులుగా విడిపోయిందని జన్యు పరిశోధనలు తెలిపాయి. సముద్రతీరపు ఇసుక నుంచి ఎత్తయిన కొండల దాకా ప్రతి పరిసరానికీ తగిన జాతి ఏర్పడింది. వీటి కాళ్లమీద పుప్పొడి మోసే వెంట్రుకల కుచ్చులుండవు. పుప్పొడిని మింగి పొట్టలో మోసుకెళ్తాయి. కొన్ని జాతులు నేలలో, మరికొన్ని బోలు కాడల్లో, చెట్ల బెరడులోని రంధ్రాల్లో, తీరంలో పగడపు రాళ్ల సందుల్లో గూళ్లు పెడతాయి. కాని చాలావరకు తామే తొలుచుకోవు. ఉన్న రంధ్రాన్ని వాడుకుంటాయి.

తుమ్మెదలు మనుషుల సాయం లేకుండా దీవులకు చేరలేవని దీనివల్ల అనుకోరాదు. దక్షిణ అమెరికాకు పడమట ఉన్న గలాపగోస్ దీవుల్లో స్థానికంగా ఉండే జైలోకోపా డార్వినీ కూడా తుమ్మెదే. అది మనుషుల కన్న ఎంతో ముందే అక్కడికి చేరి, అక్కడి పూలకు ప్రధాన పరాగసంపర్క కారకమైంది. ఒక దీవిలో దాని బంధువు సంరక్షించదగిన స్థానిక జీవి, మరో దీవిలో పరాయి జీవి. రెండింటి గూళ్లూ కలపలోనే, రెండింటి ప్రయాణమూ సముద్రం మీదుగానే. తేడా అంతా కాలానిది, వాహనానిది.

4. ఓడలు, కలప, నిశ్శబ్దం: 19వ శతాబ్ది

కెప్టెన్ కుక్ 1778లో హవాయి దీవులను చేరిన తరువాత అవి క్రమంగా పసిఫిక్ వ్యాపార మార్గాల కూడలిగా మారాయి. మొదట చందనపు కలప, తరువాత తిమింగలాల వేట, ఆపైన చెరకు దీవుల ఆర్థిక జీవనాన్ని నడిపాయి. 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడ్డాక హోనొలులు రేవుకూ ఆ తీరానికీ మధ్య రాకపోకలు పెరిగాయి. దీవుల నుంచి తిండి సరుకులు వెళ్తే, అమెరికా పశ్చిమ తీరం నుంచి ఇళ్లకూ రేవులకూ కావలసిన కలప వచ్చేది.

ఈ కాలంలోనే రెండు రకాల తేనెటీగలు దీవులకు చేరాయి. వాటి రాకను గురించిన సాక్ష్యాల్లో ఉన్న తేడా గమనించదగ్గది. తుట్టె కట్టే పాశ్చాత్య తేనెటీగను కావాలనే తెచ్చారు. 1857లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన పెట్టెలు హోనొలులులో నిలదొక్కుకున్నట్టు చరిత్ర నమోదు చేసింది. అప్పటికే 1828లో బాషెలో అనే కాథలిక్ మతబోధకుడు నాటిన కియావె చెట్టు సంతతి దీవుల ఎండు ప్రాంతాల్లో వ్యాపించి, తరువాతి కాలంలో తేనె పరిశ్రమకు ప్రధాన ఆధారమైంది. తెలుగు ప్రాంతాల్లో సర్కారు తుమ్మగా పేరుపడిన మొక్కకు ఇది దగ్గరి బంధువు. ఇలా చెట్టుకు నాటినవాడి పేరుంది. తేనెటీగకు తెచ్చిన ఏడాది ఉంది.

తుమ్మెదకు మాత్రం ఇటువంటి పుట్టుపత్రం లేదు. దానిని ఎవరూ కోరి తేలేదు. కాబట్టి ఎవరూ రాసిపెట్టలేదు. 1874 నాటికే అది శాస్త్ర గ్రంథంలోకి ఎక్కింది కాబట్టి అంతకు ముందే స్థిరపడిందని మాత్రం నిర్ధారణగా చెప్పవచ్చు. దాని స్వస్థలం అమెరికా నైరుతి ప్రాంతమూ మెక్సికో కావడం, అదే తీరం నుంచి దీవులకు కలప దిగుమతి కావడం, ఈ జాతి కలపలోనే పిల్లలను పెంచడం అనే మూడు విషయాలను కలిపి చూస్తే కలప వ్యాపారమే దాని వాహనమని అనుమానించడం సమంజసం. అయితే ఇది పరిస్థితుల సాక్ష్యంపై ఆధారపడిన ఊహ, పత్రసాక్ష్యం కాదు. ఈ రెండింటినీ వేరుగా ఉంచడం చరిత్రకారుల బాధ్యత.

ఈ నిశ్శబ్దానికి భాషలోనూ ఒక ప్రతిధ్వని ఉంది. హవాయి భాషలో తేనెటీగను ‘నలొ మెలి’ అంటారు. ‘నలొ’ అంటే ఈగ, ‘మెలి’ అంటే తేనె. తెలుగులో ‘తేనె’, ‘ఈగ’ కలిసి ‘తేనెటీగ’ అయిన తీరే ఇక్కడా కనిపిస్తుంది. కాని ‘మెలి’ హవాయి మాట కాదు. గ్రీకు నుంచి తీసుకున్నది. తేనె నిల్వచేసే ఈగలు లేని దీవుల్లో తేనెకు దేశీయ పదం అవసరం కాలేదు. స్థానిక పసుపుముఖం ఈగలను నేడు ‘నలొ మెలి మావొలి’, అంటే ‘దేశీ తేనెటీగ’ అంటున్నారు. వేల ఏళ్లుగా ఉన్న స్థానిక ఈగకు, నిన్న వచ్చిన ఈగ పేరుకు విశేషణం చేర్చి పేరు పెట్టవలసి రావడం చరిత్రలోని వ్యంగ్యం.

5. పేరు చరిత్ర: 1874 నుంచి 2020 వరకు

బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన ఫ్రెడరిక్ స్మిత్ (1805–1879) లండన్ కీటకశాస్త్ర సంఘం పత్రికలో 1874లో జైలోకోపా ప్రజాతి మీద విస్తృత వివరణ ప్రచురించాడు. అందులోనే జైలోకోపా సొనొరినా అనే పేరు మొదటిసారి కనిపిస్తుంది. అయిదేళ్ల తరువాత, 1879లో, అమెరికా కీటకశాస్త్రవేత్త ప్యాటన్ ఖండపు నైరుతి ప్రాంతపు తుమ్మెదను జైలోకోపా వేరిపంక్టా అనే పేరుతో వర్ణించాడు. ఇలా ఒకే కీటకానికి ద్వీపంలో ఒక పేరు, స్వదేశంలో మరో పేరు ఏర్పడ్డాయి.

ఆ తరువాత చాలాకాలం ఈ రెండు పేర్లూ రెండు జాతులుగా చలామణి అయ్యాయి. హవాయి తుమ్మెదకూ కాలిఫోర్నియా తుమ్మెదకూ ఉన్న పోలికను పరిశోధకులు గమనిస్తూనే వచ్చారు. రెండింటిలోనూ ఆడవి నిగనిగలాడే నలుపు, మగవి పచ్చని కళ్లతో బంగారు గోధుమ రంగు. అయినా పుస్తకాల్లో పేర్లు వేరుగానే నిలిచాయి. కెనడాలోని వాంకూవర్‌లో దొరికిన నమూనా సందర్భంగా 2020లో ప్రచురితమైన పరిశోధన రెండూ ఒకే జాతి అని తేల్చింది. జంతుశాస్త్ర నామకరణ నియమాల్లో ముందు ప్రచురితమైన పేరుకే ప్రాధాన్యం కాబట్టి, ఖండమంతటా ఉన్న స్వదేశీ తుమ్మెదలు కూడా ఇప్పుడు సొనొరినా అయ్యాయి.

ఇది కేవలం పేర్ల తగాదా కాదు. దీవుల్లోని తుమ్మెద వేరే జాతి అని నమ్మినంతకాలం అది ఎక్కడిదన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఉండదు. దాని చరిత్రను వాణిజ్య చరిత్రతో ముడిపెట్టడమూ కుదరదు. రెండూ ఒకటే అని తెలిసినప్పుడే ‘ద్వీప జాతి’ కాస్తా ‘వలస జాతి’ అవుతుంది. వలస వెళ్లిన శాఖకు పెట్టిన పేరు చివరికి మూలవంశానికి పేరు కావడం నామకరణ చరిత్రలో విశేషం. రాజధానిలోని మ్యూజియానికి ఏ ఓడ ముందు చేరిందన్నదే పేరును నిర్ణయించింది. కీటకం ఎక్కడ పుట్టిందన్నది కాదు.

6. తోటకు మిత్రం: 1951–1958

కలప కట్టడాల యజమానులకు తుమ్మెద ఎప్పుడూ చిరాకు కలిగించేదే. స్తంభాలనూ కంచెలనూ దూలాలనూ అది తొలుస్తుంది. ఒక తరం వదిలిన సొరంగాన్ని తరువాతి తరం పొడిగిస్తుంది. దీవుల్లో దానికున్న ఈ తెగులు గుర్తింపు 20వ శతాబ్ది మధ్యలో ఒక పంట కారణంగా తలకిందులైంది.

ఆ పంట ప్యాషన్ ఫ్రూట్. తెలుగు నేల మీద రాఖీ పువ్వు, కృష్ణకమలం అని పిలిచే తీగల కుటుంబానికి చెందినదే ఇది. 1880 ప్రాంతంలో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఊదారంగు పండు తూర్పు మౌయిలోని లిలికొయి లోయలో సాగై, ఆ లోయ పేరుతోనే దీవులంతటా లిలికొయిగా వాడుకలోకి వచ్చింది. తరువాత వచ్చిన పసుపు రకం పల్లపు ప్రాంతాలకు బాగా అనుకూలించింది. 1951లో దీవుల్లో ఈ సాగు 5 ఎకరాలకు మించి లేదు. ఆ ఏడాది హవాయి విశ్వవిద్యాలయం దీనిని అత్యంత ఆశాజనకమైన పంటగా ఎంచుకుని, గడ్డకట్టించిన రసం పరిశ్రమను లక్ష్యంగా పెట్టుకుంది. 1958 నాటికి పసుపు రకం సాగు 1,200 ఎకరాలకు చేరింది.

పంట పెరిగే కొద్దీ కాపు సమస్య ముందుకొచ్చింది. పసుపు రకం పువ్వు తన పుప్పొడితో తాను ఫలించదు. మరో తీగ పుప్పొడి కావాలి. పుప్పొడి బరువైనది, జిగటది, గాలికి ఎగరదు. కీలాగ్రాలు తేనె ఉండే చోటికి ఎంతో ఎత్తులో ఉంటాయి. చిన్న తేనెటీగ కింద దూరి తేనెను, పక్కనుంచి పుప్పొడిని తీసుకుపోగలదు. కీలాగ్రాన్ని తాకనవసరం లేదు. పెద్ద ఒడ్డూ పొడుగూ ఉన్న తుమ్మెద తేనె కోసం వంగినప్పుడు దాని వీపు కేసరాలకూ కీలాగ్రాలకూ తగులుతుంది. 1950వ దశకం చివరలో అకమినే, జిరోలమీ చేసిన పరిశోధన, తరువాత నిషిదా చేసిన అధ్యయనం ఈ పంటలో పరాగసంపర్కం ప్రాముఖ్యాన్నీ దానిని జరిపే కీటకాల పాత్రనూ వివరంగా చర్చించాయి. తుమ్మెద లేనిచోట మనుషులు చేత్తో పుప్పొడి అద్దవలసి వచ్చేది. అది కూలి ఖర్చుతో కూడిన పని.

ఫలితంగా తీగల మధ్య పుచ్చిన దుంగలు ఉంచి తుమ్మెదలకు గూళ్లు సమకూర్చాలనే సలహా సాగు సాహిత్యంలోకి వచ్చింది. ఇంటి దూలంలో తుమ్మెద గూడు తెగులు, తోటలోని దుంగలో అదే గూడు పెట్టుబడి. ఇక్కడ మరో సంగతి కూడా గమనించాలి: పంటా పరాయిదే, పరాగసంపర్క కారకమూ పరాయిదే. దక్షిణ అమెరికా తీగ, ఉత్తర అమెరికా తుమ్మెద పసిఫిక్ నడుమ కలుసుకుని ఒక పరిశ్రమను నిలబెట్టాయి. తరువాతి దశాబ్దాల్లో ఆ పరిశ్రమ క్షీణించింది. తుమ్మెద మాత్రం మిగిలింది.

7. ‘ఆక్రమణ’ అనే మాట

హవాయిలో లిలికొయి సాగు 1,200 ఎకరాలకు చేరిన 1958లోనే ఇంగ్లండులో చార్లెస్ ఎల్టన్ జంతువుల, మొక్కల ఆక్రమణల జీవావరణం మీద తన ప్రసిద్ధ గ్రంథం ప్రచురించాడు. సుదూర ద్వీపాల గతి గురించి అందులో ఒక అధ్యాయమే ఉంది. పరాయి జాతుల వ్యాప్తిని యుద్ధ పరిభాషలో చెప్పే అలవాటు ఆ గ్రంథం ద్వారా బలపడింది. దండయాత్ర, ఆక్రమణ, స్థావరం వంటి మాటలు శాస్త్రంలో పారిభాషిక పదాలుగా స్థిరపడ్డాయి. తెలుగులో నేడు వాడుతున్న ‘ఆక్రమణ జాతి’ కూడా ఆ పరంపరలోనిదే.

ఈ పరిభాషకు ఉన్న బలం, ప్రమాదం రెండూ ఒకచోటే ఉన్నాయి. జరుగుతున్న నష్టాన్ని అది కళ్లకు కట్టిస్తుంది. కాని ఆక్రమణకు ఉద్దేశం ఉంటుంది. పురుగుకు అది లేదు. దుంగలో ఉన్న గొంగళి దశ జీవి దండెత్తదు. దుంగను కొన్నవాడు, అమ్మినవాడు, మోసిన ఓడ యజమాని ఆ మాట వెనుక కనిపించకుండా పోతారు.

దక్షిణాసియా కోణం నుంచి చూస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. ఫాబ్రీషియస్ 1775లో పేరు పెట్టిన మెగాకైల్ లానాటా భారత ఉపఖండంలో గోడ బీటల్లో, బోలు కర్రల్లో మట్టితో గూడు కట్టే సాధారణ ఈగ. ఇక్కడ అది ఎవరికీ వార్త కాదు. కరీబియన్ దీవుల్లోనూ ఫ్లోరిడాలోనూ అదే ఈగ పరాయి జాతుల జాబితాలో ఉంది. అట్లాంటిక్ బానిస వ్యాపారపు ఓడలే ఆఫ్రికాకు చెందిన కొన్ని మెగాకైల్ జాతులను కరీబియన్‌కు చేర్చి ఉండవచ్చని పరిశోధకులు భావించారు. భారత ఉపఖండానికే చెందిన హైలియస్ స్ట్రెన్యూస్ అనే చిన్న ఈగ 2007లో హవాయిలోని ఒవాహు దీవిలో కనిపించింది. ఒక చోటి పెరటి ఈగే మరో చోటి ఆక్రమణ జాతి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఫిజీ దీవులకు 1879–1916 మధ్య గిర్మిట్ ఒప్పందంపై భారతీయ కూలీలు వెళ్లారు. 1903 నుంచి మద్రాసు ఓడల్లో వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు. దక్షిణాసియాకు చెందిన బ్రౌన్సాపిస్ పువాంగెన్సిస్ అనే ఈగ కూడా నేడు ఫిజీలో ఉంది. ఈ రెంటినీ ఒకే కథగా అల్లడం ఆకర్షణీయమే. కాని ఆ ఈగ ఫిజీలో నమోదైంది 21వ శతాబ్ది ఆరంభంలో, గిర్మిట్ ముగిసిన దాదాపు తొమ్మిది దశాబ్దాల తరువాత. కాలక్రమం అంగీకరించని పోలికను చరిత్ర అంగీకరించరాదు. అంతకన్న ముఖ్యంగా, నిర్బంధంలో ఓడ ఎక్కిన మనుషుల వలసను కీటకాల వ్యాప్తితో సమానం చేసే భాష, ఆ మనుషుల వారసులను ‘పరాయివారు’గా చూపే రాజకీయాలకు సులువుగా ఉపకరిస్తుంది.

8. గూటి కోసం పోటీ: 2016 చట్టబద్ధ గుర్తింపు

పరిభాషను ప్రశ్నించడమంటే నష్టాన్ని కాదనడం కాదు. 1892లో రాయల్ సొసైటీ, బ్రిటిష్ అసోసియేషన్ల సంయుక్త సంఘం పంపగా హవాయి చేరిన ఆర్.సి.ఎల్. పెర్కిన్స్ దశాబ్దానికి పైగా దీవుల కీటకాలను సేకరించాడు. 1899–1913 మధ్య వెలువడిన ‘ఫానా హవాయిఎన్సిస్’ సంపుటాల్లో ఆయన కృషి ప్రధానం. ఆయన కాలంలో పసుపుముఖం ఈగలు దీవుల్లో దాదాపు ఎక్కడైనా కనిపించే కీటకాలు. కాని పెద్దతల చీమ అనే పరాయి చీమ విస్తరించిన పల్లపు ప్రాంతాల్లో స్థానిక కీటకాలు మాయమవుతున్నాయని కూడా ఆయనే గమనించి రాశాడు. హవాయిలో స్థానిక చీమలు లేవు. కాబట్టి చీమల నుంచి గూటిని కాచుకునే అవసరం అక్కడి ఈగల పరిణామంలో రాలేదు.

ఒక శతాబ్దం తిరిగేసరికి పరిస్థితి మారింది. జెర్సీస్ సొసైటీ 2009లో సమర్పించిన అర్జీల తరువాత, 2016 సెప్టెంబరు 30న అమెరికా ప్రభుత్వం ఏడు హవాయి పసుపుముఖం తేనెటీగ జాతులను అంతరించే ప్రమాదమున్న జాతులుగా ప్రకటించింది. ఆ దేశపు సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన మొట్టమొదటి తేనెటీగలు అవే. తీరప్రాంత నిర్మాణాలు, పరాయి మొక్కలు, మేత జంతువులు, మంటలు, చీమలు, పరాయి తేనెటీగల పోటీ మొదలైనవి వాటి క్షీణతకు కారణాలుగా గుర్తింపు పొందాయి.

ఈ జాబితాలో తుమ్మెద స్థానాన్ని తూచి చెప్పాలి. తుమ్మెద తన రంధ్రాన్ని తానే తొలుచుకుంటుంది; అంత పెద్ద సొరంగం కొన్ని మిల్లీమీటర్ల స్థానిక ఈగకు పనికిరాదు. కాబట్టి గూటి విషయంలో అది నేరుగా పోటీదారు కాదు. పూల దగ్గర అది ఎక్కువ తేనెను తీసుకోగలదు. సన్నని పొడవైన పువ్వుల మొదట్లో చీలిక చేసి, పుప్పొడిని తాకకుండానే తేనెను దొంగిలించే అలవాటూ తుమ్మెదలకు ఉంది. గూటికోసం అసలు పోటీ చిన్న రంధ్రాలను వెతికే హైలియస్ స్ట్రెన్యూస్ వంటి ఈగలది. అది స్థానిక ఈగల ప్రజాతికే చెందినది. పరిమాణమూ అవసరాలూ దగ్గరగానే ఉంటాయి. పెద్దగా కనిపించి, పెద్దగా మోగే తుమ్మెద అందరి దృష్టిలో పడింది. స్థానిక ఈగను పోలిన చిన్న వలస ఈగ గుర్తింపుకు నోచుకోవడానికే 21వ శతాబ్ది వచ్చింది.

స్థానిక ఈగలకోసం రంధ్రాలు చేసిన కొయ్యదిమ్మెలను తీరంలో ఉంచి, చీమలు ఎక్కకుండా జిగురు అడ్డు పెట్టి గూళ్లు సమకూర్చే ప్రయత్నాలు ఇటీవల జరిగాయి. 1950వ దశకంలో తోటల్లో తుమ్మెదకు దుంగలు పెట్టిన దీవుల్లోనే, ఆరు దశాబ్దాల తరువాత పసుపుముఖం ఈగలకు కొయ్యదిమ్మెలు పెడుతున్నారు. సాధనం మారలేదు, అది ఎవరికోసమన్నదే మారింది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు.

మొదటిది, ద్వీపాలకు ఒంటరి తేనెటీగల వలసను అర్థం చేసుకోవడానికి వాటి గూటి స్వభావమే ప్రధాన సాక్ష్యం. కలపలో, రంధ్రాల్లో గూడు పెట్టే జాతుల వ్యాప్తి కలప వ్యాపారం, నౌకాయానం, తోటల సాగు వ్యాపించిన దారుల్లోనే సాగింది. పత్రసాక్ష్యం లేనిచోట కీటకం జీవనవిధానాన్ని చారిత్రక ఆధారంగా చదవవచ్చు. అయితే ఆ పఠనం నుంచి వచ్చిన ఊహను నిర్ధారణగా చెప్పరాదు.

రెండవది, నామకరణం తటస్థమైన ప్రక్రియ కాదు. సొనొరినా, వేరిపంక్టా అనే రెండు పేర్లు దాదాపు 140 సంవత్సరాల పాటు ఒక వలసను కనబడకుండా చేశాయి.

మూడవది, ఒకే తుమ్మెద తెగులుగా, మిత్రంగా, ఆక్రమణ జాతిగా మూడు గుర్తింపులు పొందింది. ఈ కాలమంతటా దాని ప్రవర్తనలో మార్పు లేదు. మారింది కలప యజమాని, తోట రైతు, సంరక్షకుడు అనే మూడు దృష్టులు. వీటిలో చివరి దృష్టికే నైతిక ప్రాధాన్యం ఎక్కువని చెప్పడానికి కారణం ఉంది: దూలాన్ని మార్చవచ్చు, పంటను వదులుకోవచ్చు, కాని ఒకే దీవిలో మాత్రమే బతికే ఈగ జాతి అంతరిస్తే తిరిగి రాదు.

నాల్గవది, తెలుగులో ఈ విషయాలపై రాసేటప్పుడు పరిభాష ఎంపికలో జాగ్రత్త అవసరం. ‘వలస జాతి’, ‘స్థిరపడిన పరాయి జాతి’, ‘హానికర పరాయి జాతి’ అనే మూడు దశలను వేరు వేరు పదాలతో సూచించగలిగితే, ‘ఆక్రమణ’ అనే ఒక్క మాట మోసే భారం తగ్గుతుంది. నష్టం ఎవరిదో, బాధ్యత ఎవరిదో స్పష్టమవుతుంది. తుమ్మెదను పూల చెంతనే చూసిన సాహిత్య సంప్రదాయానికి, దాని గూటినీ ప్రయాణాన్నీ కూడా చూసే చరిత్రను జోడించడం నేటి తెలుగు పరిశోధన చేపట్టదగిన పని.